గ్రామఫోను గాడి నుండి కంప్యూటరులోనికి

(పాఠశాల వార్షికోత్సవ సందర్భమున తల్లిదండ్రుల సభలో చేసిన ప్రసంగ పాఠము)



ప్రతి సంవత్సరము ఈ వేదికపై పెద్దలు మాతృభాషను గూర్చి చక్కని ఉపన్యాసములు చేయుచున్నారు. నేను పండితుడను కాను. ఈ బరంపురములోనే ముప్పది యేండ్లు పిల్లలకు భౌతిక శాస్త్రము బోధించి విశ్రాంతి తీసికొనినవాడను. కనుక నాకు తెలిసిన శాస్త్రముతోనే మన భాషకు చేయగల ఒక చిన్న సేవను గూర్చి మనవి చేయుదును. మన యిండ్ల అటకలమీద, పాత ట్రంకు పెట్టెలలో పడియున్న గ్రామఫోను ప్లేట్లలోని ధ్వనిని కంప్యూటరులోనికి ఎక్కించి, దాని మేలిమి చెడకుండ నిలుపుకొనుట ఎట్లు అనునదే నేటి విషయము.

ఈ పనిని నేనొకసారి చేసి చెడగొట్టితిని. ముందుగా ఆ కథ చెప్పుట న్యాయము.

మా తండ్రిగారు కొన్న రికార్డులు నలుబదికి పైగా మా యింట నుండెడివి. పద్యనాటకముల ప్లేట్లు, హరికథలు, సినిమా పాటలు, ఘంటసాల వేంకటేశ్వరరావుగారి భగవద్గీత, అన్నియు నుండెను. 2006లో మేము చిన్న యింటికి మారవలసి వచ్చినది. స్థలము చాలదు. అప్పుడు నేను పాత రికార్డు ప్లేయరు నుండి ఒక తీగె తీసి, కంప్యూటరులో మైకు తగిలించు రంధ్రమున గ్రుచ్చి, వరుసగా కొన్ని ఆదివారములు కూర్చుండి అన్నిటిని ఎక్కించితిని. ఫైళ్లు చిన్నవిగా నుండవలెనని, మిక్కిలి తక్కువ నాణ్యత గల ఎంపీ3 రూపమున దాచితిని. పిమ్మట ప్లేట్లన్నియు పాత సామాను కొనువానికి ఇచ్చివేసితిని. ధ్వని నా యొద్ద నుండగా ప్లేటెందుకని నా తలంపు.

పది యేండ్ల తరువాత నా మనుమరాలు పద్యపఠన పోటీలో పాల్గొనదలచి, మంచి పద్యమొకటి వినిపింపుమని అడిగినది. ఆ ఫైలు తీసితిని. గాయకుని గొంతు హెచ్చిన చోటనెల్ల ధ్వని చిట్లి గరగరలాడుచున్నది. శ్రుతి సహజము కంటె పైకి పోయినది. మా ప్లేయరు వేగముగా తిరుగుచుండెనని నాడు నేను గమనింపలేదు. ఆ బిడ్డ రెండు మూడు సార్లు విని, "తాతయ్యా, ఆయన అక్కడ 'శ' అన్నాడా, 'స' అన్నాడా?" అని అడిగినది. నేను చెప్పలేకపోతిని. ప్లేటుండినచో మరల విందుము. ప్లేటు లేదు.

నాడు నేర్చుకొన్న పాఠమిది. నకలు లేకపోవుట కంటె చెడ్డ నకలు ఎక్కువ ప్రమాదకరము. నకలు లేనివాడు ప్లేటును దాచుకొనును. చెడ్డ నకలు గలవాడు నిశ్చింతగా ప్లేటును పారవేయును. కనుక ఈ పనిని ఒక్కసారియే చేయవలెను, చక్కగా చేయవలెను, చేసిన పిదప కూడ ప్లేటును దాచవలెను. ఇక నేను చెప్పబోవునదంతయు ఈ మాటకు వ్యాఖ్యానమే.

ప్లేటులో ధ్వని యెట్లున్నదో తెలిసిననే గాని పని తెలియదు. 1877లో ఎడిసన్ ధ్వనిని స్తూపముపై ముద్రించు యంత్రమును నిర్మించెను. 1887లో ఎమిలీ బెర్లినర్ చదునైన పళ్లెముపై ముద్రించు గ్రామఫోనునకు పేటెంటు పొందెను. 1902లో కలకత్తాలో గౌహర్ జాన్ పాట ముద్రింపబడినది. 1908లో ఆ నగరముననే ప్లేట్లు అచ్చువేయు కర్మాగారము వెలసెను. మన గంజాము ప్రాంతము 1936 వరకు మద్రాసు రాజధానిలోనిది. ఊరేమో హౌరా, మద్రాసు రైలు మార్గముమీద నున్నది. అందుచేత రెండు నగరముల ప్లేట్లును మన యిండ్లకు చేరెను.

ప్లేటుమీద కేంద్రము వైపు చుట్లు తిరుగుచు పోవు సన్నని గాడి యొకటే యుండును. ఆ గాడి గోడలలోని వంకరలే ధ్వని. ముల్లు వానివెంట నడచి కదలును. ఆ కదలికయే తిరిగి పాటగా మారును. ముల్లు నడచిన ప్రతిసారియు గాడి గోడ ఎంతో కొంత అరుగును. అనగా మనము ఎక్కువగా ప్రేమించిన ప్లేటే ఎక్కువగా అరిగియుండును. మన అభిమానమే దానికి ముప్పు. ధ్వనిని ఒకసారి భద్రముగా కంప్యూటరులోనికి ఎక్కించినచో, పిమ్మట వేయిసార్లు విన్నను గాడి అరగదు.

ప్లేట్లలో రెండు జాతులు గలవని గుర్తుంచుకొనవలెను. నిమిషమునకు 78 చుట్లు తిరుగు పాత ప్లేట్లు లక్కతో చేసినవి. లక్కలో రాతిపొడిని, నల్లరంగును కలిపి అచ్చువేసెడివారు. అవి బరువైనవి, జారి పడినచో పగులును. పక్కకు మూడు నిమిషముల పాట మాత్రమే సాధారణముగా పట్టును. 1948లో అమెరికాలో వెలువడిన లాంగ్ ప్లే రికార్డులు వినైలు అను ప్లాస్టిక్కుతో చేసినవి. నిమిషమునకు 33 1/3 చుట్లు తిరుగును. గాడి మిక్కిలి సన్నము గనుక ఒక్కొక్క పక్కకు ఇరువది నిమిషములకు పైగా పట్టును. 1949లో వచ్చిన 45 చుట్ల చిన్న ప్లేట్లు కూడ ఇట్టివే. ఈ భేదము తెలియక నేను చేసిన రెండవ తప్పును గూర్చి చెప్పెదను.

మా నాయనమ్మకు అక్షరములు రావు. బడికి పోలేదు. కాని పౌరాణిక నాటకముల పద్యములు ఆమెకు కంఠస్థములు. పొలము పనులైన పిదప వీధి అరుగుమీద పొరుగువారు మ్రోగించు గ్రామఫోనును విని నేర్చుకొన్నదట. ఆమెకు ప్లేటే తెలుగు బడి. ఆ పొరుగువారు ఊరు విడిచిపోవునప్పుడు ఆమెకు ఇచ్చిపోయిన లక్క ప్లేటొకటి మాకు మిగిలెను. 2006లో అటకమీద కనుమరుగై యుండుటచే పాత సామానులోనికి పోలేదు. దానిపై బూజు పట్టియుండగా, శుభ్రము చేయవలెనని స్పిరిటుతో తుడిచితిని. స్పిరిటు లక్కను కరిగించును. వడ్రంగి పాలిషు వేయుటకు లక్కను స్పిరిటులోనే కరిగించునని నేను తరగతిలో పిల్లలకు చెప్పినవాడనే! చేయి మాత్రము ఆ మాట మరచినది. తుడిచిన మేర నునుపు చెడి, గాడి మాసిపోయినది. మిగిలిన భాగము మాత్రమే నేడు మ్రోగుచున్నది.

కావున మొదటి నియమము. లక్క ప్లేటుకు స్పిరిటు గాని, స్పిరిటు కలిసిన ఏ ద్రవము గాని తగులరాదు. మనది గోపాలపురము సముద్రపు గాలి తగులు ఊరు. బూజు పట్టని ప్లేటు అరుదు. ముందుగా మెత్తని కుంచెతో గాడి పోవు దారినే, గుండ్రముగా, దుమ్ము దులుపవలెను. అడ్డముగా రుద్దరాదు. పిమ్మట బట్టీ పట్టిన నీటిలో మెత్తని సబ్బు ఒక్క చుక్క మాత్రము కలిపి, మెత్తని బట్టను తడిపి పిండి తుడువవలెను. మరల వట్టి నీటి తడితో తుడిచి, వెంటనే ఆరబెట్టవలెను. నడుమనున్న కాగితపు చీటీకి తడి తగులరాదు. కొళాయి నీటిలోని సున్నము గాడిలో పేరుకొనును గనుక అది పనికిరాదు. ఎండలో పెట్టరాదు. వినైలు ప్లేటు ఎండకు వంగిపోవును.

రెండవది ముల్లు. పాత కీ గ్రామఫోనులో ఉక్కు ముల్లు పెట్టి, ఒక్కొక్క పక్కకు ఒక్కొక్క ముల్లు మార్చెడివారు. కుక్క బొమ్మ గల ముల్లుల డబ్బీ మీలో పెద్దలకు జ్ఞాపకముండును. ఆ యంత్రపు ధ్వనిపెట్టె నూరు గ్రాములకు పైబడిన బరువుతో గాడిని నొక్కును. చూచుటకు ముచ్చటగా నుండును గాని, నకలు తీయుటకు దానిని వాడరాదు. నేటి మంచి టర్న్‌టేబులులో వజ్రపు ముల్లు సుమారు 2 గ్రాముల బరువుతో మాత్రమే వినైలు గాడిలో నడచును. లక్క ప్లేటునకు ఇంకను కొంచెము బరువు కావలెను. ముఖ్యముగా ముల్లు కొన కొలత వేరు. లాంగ్ ప్లే రికార్డుకు సరిపడు ముల్లు కొన వ్యాసార్ధము సుమారు 18 మైక్రానులు. లక్క ప్లేటునకు సుమారు 70 మైక్రానులు. మైక్రాననగా మిల్లీమీటరులో వేయవ వంతు. సన్న ముల్లును వెడల్పు గాడిలో పెట్టినచో అది గోడలను తాకక, అడుగున జేరిన మురికిలో ఈడ్చుకొని పోవును. వినబడునది పాట కాదు, చెత్త. కనుక రెండు జాతులకు రెండు ముల్లులుండవలెను.

మూడవది వేగము. ప్లేటు నూటికి 6 వంతులు వేగముగా తిరిగినచో శ్రుతి ఒక స్వరస్థానము పైకి పోవును. మగవాని గొంతు బాలుని గొంతు వలె మారుటకు ఇదియే మూలము. వేగమును పరీక్షించుటకు యంత్రములక్కరలేదు. టర్న్‌టేబులు అంచున చిన్న కాగితపు ముక్క నంటించి, గడియారము చూచుచు చుట్లు లెక్కింపుడు. లాంగ్ ప్లే వేగమున సరిగా 3 నిమిషములలో 100 చుట్లు తిరుగవలెను. 45 వేగమున నిమిషమునకు 45, లక్క ప్లేటు వేగమున నిమిషమునకు 78. అయిదవ తరగతి బాలుడు కూడ చేయగల పరీక్ష ఇది. నేడు దొరకు టర్న్‌టేబులులలో చాలవానికి 78 వేగము లేదు. కొనుటకు ముందే అడిగి తెలిసికొనవలెను.

నాల్గవది ఫోనో ప్రీయాంప్లిఫయరు అను పరికరము. అయస్కాంతముతో పనిచేయు కార్ట్రిడ్జి నుండి వచ్చు విద్యుత్తు వోల్టులో కొన్ని వేయవ వంతులు మాత్రమే. దానిని పెంచవలెను. అంతేగాక ప్లేటు కోయునప్పుడు మంద్రధ్వనులను తగ్గించి, తారధ్వనులను హెచ్చించి కోయుదురు. అట్లు చేయకున్నచో మంద్రధ్వని గాడిని మిక్కిలి వంకరలు చేయును, తారధ్వని బుసలో మునిగిపోవును. వినునప్పుడు దానిని తిరుగవేయవలెను. ఇందుకు 1954లో అమెరికాలో ఒక కొలత స్థిరపడెను. దానిని ఆర్.ఐ.ఏ.ఏ. వక్రరేఖ యందురు. ప్రీయాంప్లిఫయరు ఈ రెండు పనులును చేయును. నేను 2006లో మైకు రంధ్రమున గ్రుచ్చిన తీగెకు ఇట్టి క్రమశిక్షణ ఏమియు లేదు. మైకు కొరకు చేసిన ఆ రంధ్రము ప్లేయరు ధ్వనిని భరింపలేక చిట్లించినది.

ఇక కంప్యూటరు సంగతి. నిరంతరముగా సాగు ధ్వనిని అంకెలుగా మార్చుట ఎట్లు? మన ఇల్లాండ్రు వాకిట వేయు చుక్కల ముగ్గును జ్ఞప్తికి తెచ్చుకొనుడు. చుక్కలు దగ్గరగా నున్నచో వానిమీదుగా గీయు వంపు ఎట్లుండవలెనో చుక్కలే నిర్ణయించును. దూరమైనచో చిన్న వంపులు పోవును. ధ్వని విషయమునను అంతే. ఒక ధ్వని సెకనుకు ఎన్ని మారులు కంపించునో, దానికి రెట్టింపు కంటె ఎక్కువ చుక్కలు పెట్టినచో ఆ ధ్వని పూర్తిగా తిరిగి వచ్చును. మానవుని చెవి వినగల పరమావధి సెకనుకు సుమారు 20,000 కంపనములు. కనుక 1982లో వెలువడిన కాంపాక్ట్ డిస్కునకు సెకనుకు 44,100 చుక్కలు నియమించిరి.

చుక్క ఎత్తును కొలుచుటకు కూడ మెట్లు కావలెను. 16 బిట్ల కొలతలో 65,536 మెట్లు. 24 బిట్ల కొలతలో 1 కోటి 67 లక్షలకు పైగా మెట్లు. భద్రపరచు నకలును 24 బిట్లలో, సెకనుకు 96,000 చుక్కలతో తీయుట మంచిది. 48,000 కంటె తగ్గరాదు. ఇంత సన్నని కొలత ఎందుకని అడుగవచ్చును. మెట్లు ఎక్కువగా నున్నప్పుడు ధ్వని మట్టమును కొంత తగ్గించి తీయవచ్చును. గాయకుడు ఎంత హెచ్చుగా పలికినను పైన ఖాళీ యుండును. హెచ్చు ధ్వని శిఖరము సున్నా డెసిబెల్ గీతను తాకినచో అచ్చట తెగిపోవును. తెగిన శిఖరమును మరల కట్టలేము. మైనస్ 6 డెసిబెల్ వద్ద శిఖరములు ఆగునట్లు మట్టము నమర్చుకొనుడు.

ఈ పనికి ఆడాసిటీ అను ఉచిత సాఫ్ట్‌వేరు చాలును. ఫైలును వేవ్ రూపమున దాచవలెను. రెండు కాలువలలో తీసిన నకలు నిమిషమునకు సుమారు 35 మెగాబైట్లు, లాంగ్ ప్లే రికార్డు రెండు పక్కలకు సుమారు ఒకటిన్నర గిగాబైట్లు అగును. స్థలము చాలనివారు ఫ్లాక్ రూపమున దాచవచ్చును. అందు ధ్వని ఏమియు కోల్పోకయే ఫైలు దాదాపు సగమునకు తగ్గును. ఎంపీ3 విధానము అట్టిది కాదు. అది చెవికి తెలియదని తలచిన భాగములను తీసివేయును. ఫోనులో వినుటకు మాత్రము దానిని వేరుగా చేసికొనవచ్చును.

ఇచ్చట ఒక హెచ్చరిక. పాత ప్లేటులో బుస, చిటపటలు ఉండును. వానిని తొలగించు ఉపాయములు సాఫ్ట్‌వేరులో గలవు. మీట నొక్కగనే ధ్వని నిర్మలమైనట్లు తోచును. కాని బుస నుండు ఎత్తులోనే మన భాషలోని శ, ష, స లును, తాళముల మ్రోతయు నుండును. బుసను గట్టిగా తుడిచినచో సకారము కూడ తుడిచిపెట్టుకొని పోవును. నా మనుమరాలి ప్రశ్నకు జవాబు అచ్చటనే పోయినది. నా తక్కువరకపు ఎంపీ3 చేసిన పనియు అదియే. కనుక యథాతథముగా తీసిన నకలును ముట్టుకొనక దాచి, శుభ్రము చేయదలచినచో దాని ప్రతిమీద చేయుడు. చిటపటలను తగ్గించుడు గాని, బుసను కొంత ఉండనిండు. ఆ గొంతులు ఆ బుస వెనుకనే మనకు పరిచితములు.

ఇప్పటివరకు చెప్పినది యంత్రము చేయు పని. యంత్రము చేయలేనిది ఒకటున్నది. ఫైలుకు పేరు పెట్టుట. "పాట 1, పాట 2" అని నేను పెట్టిన పేర్లు నేడు నాకే అర్థము కాకున్నవి. ప్లేటు చీటీని రెండు పక్కల ఫొటో తీయుడు. చీటీకి ఆవల నునుపైన భాగమున చెక్కిన అంకెలను కూడ వ్రాసికొనుడు. పాడినవారెవరు, వ్రాసినవారెవరు, ఏ నాటకములోనిది, ఆ ప్లేటు మీ యింటికి ఎట్లు వచ్చెను, ఎవరు దానిని ఇష్టముగా వినెడివారు, ఇవన్నియు ఒక పుస్తకమున తెలుగులో వ్రాయవలెను. మా నాయనమ్మ ప్లేటు చీటీ బూజు తిని పేరు చెదరినది. ఆ గొంతు ఎవరిదో చెప్పగలవారు మా యింట నొక్కరు నుండెడివారు, మా మేనత్తగారు. నేను అడుగుదునని తలంచుచుండగనే వారు దాటిపోయిరి. గాడి మిగిలినది, పేరు పోయినది.

నకళ్లు మూడుండవలెను. ఇంటిలో ఒకటి, వేరొక హార్డ్ డిస్కుపై ఒకటి, మరియొక చోట, బంధువుల యింట గాని పాఠశాలలో గాని, ఒకటి. హార్డ్ డిస్కు చెప్పకయే చెడును. ప్లేట్లను పుస్తకముల వలె నిలువుగా, వేడి తగులని చోట నుంచవలెను. ఒకదానిపై నొకటి పేర్చరాదు. చట్టమును కూడ గౌరవింపవలెను. 1957 నాటి గ్రంథస్వామ్య చట్టము నేడున్న రూపమున, ధ్వనిముద్రణకు అది వెలువడిన మరుసటి సంవత్సరము మొదలు 60 ఏండ్లు హక్కుండును. కవి, స్వరకర్తల హక్కులు వేరు. కనుక ఇంటి వినికిడికి తీసిన నకలును లోకమున పంచిపెట్టరాదు.

తల్లిదండ్రులారా, ఈ పనిలో ఒక విశేషమున్నది. దీనిని త్వరపెట్ట వీలులేదు. ఇరువది నిమిషముల పక్కకు ఇరువది నిమిషములే పట్టును. ముల్లు నడచుచున్నంత సేపు ఎవరో యొకరు కూర్చుండి వినవలసినదే. ఆ సమయమును వృథా యనుకొనకుడు. ఒక ప్రక్క మీ యింటి పెద్దను, ఒక ప్రక్క మీ బిడ్డను కూర్చుండబెట్టుడు. పెద్దలు చెప్పుచుండగా బిడ్డ పుస్తకమున వ్రాయును. మన పిల్లలు వీధిలో ఒడియా, తరగతిలో ఇంగ్లీషు, ఇంటిలో తెలుగు మాటలాడుదురు. ఆ ఇంటి తెలుగు నానాటికి నాలుగు మాటలకు తగ్గిపోవుచున్నది. పద్యమును స్పష్టముగా పలికిన గొంతు, దానిని గుర్తుపట్టు పెద్ద, వ్రాసికొను బిడ్డ, ఈ మువ్వురు ఒక్కచోట కూడు అవకాశము ఇంకెన్ని యేండ్లు ఉండును?

కావున నా మనవి ఒక్కటే. ఈ సెలవులలో అటక దింపి చూడుడు. ప్లేటు కనబడినచో తుడువకుడు, అమ్మకుడు, పారవేయకుడు. నా యొద్ద రెండు ముల్లులతో, మూడు వేగములతో తిరుగు టర్న్‌టేబులొకటి కలదు. ప్రధానోపాధ్యాయుల అనుమతితో నెలకొక ఆదివారము దానిని ఈ పాఠశాలకు తెచ్చుటకు సిద్ధముగా నున్నాను. ప్లేటు మీదే, నకలు మీదే. మీతో పాటు పెద్దలను కూడ తీసికొని రండని మాత్రము కోరుచున్నాను.

మా నాయనమ్మ ప్లేటులో మిగిలిన భాగమును ఈసారి సరియైన ముల్లుతో, సరియైన వేగముతో ఎక్కించితిని. నా మనుమరాలు ప్రక్కన కూర్చుండి వినినది. స్పిరిటు మాపిన చోటు దాటి గొంతు మొదలగును. అది నడుమ నుండి మొదలగు పద్యము. తొలి పాదమును నాయనమ్మ పాడగా విన్నది నాకు జ్ఞాపకమున్నది గనుక, దానిని నేనే నా గొంతుతో ఆ బిడ్డకు చెప్పితిని. తక్కినది ప్లేటు చెప్పినది. ఈసారి ఆమె అడుగవలసిన పని లేకపోయినది. శకారము శకారముగనే వినబడినది.